బొట్టుబిళ్ళ పెట్టిన చోటే బటన్ వేశారు

మా తమ్ముడికి కుడిచేతి చూపుడువేలు లేదు. మధ్యవేలు రెండో కణుపు దాకానే ఉంది. రెండేళ్ళ కిందట పశువులకి గడ్డి కత్తిరించే మోటారు మిషనులో చెయ్యి పడింది. అది చెప్పకపోతే మిగతాదేదీ అర్థం కాదు, అందుకే ముందే చెప్పేస్తున్నాను. విజయనగరంలో గంటస్తంభానికీ మూడు లాంతర్లకీ మధ్య ఒక సందులో, మేడ మీద ఒక చిన్న రిపేరు షాపు ఉంది. వాడు టీవీకి పెట్టి గేములాడే సోనీ మిషను పీఎస్ ఫోర్ (ప్లేస్టేషన్ 4) ఉంది, దాన్ని చేత్తో పట్టుకుని ఆడించే కంట్రోలర్ వెనకాల అక్కడ కొత్తగా ఒక బటన్ వేయించాం. ఏడు నెలలైంది. ఏడు నెలలూ చూశాకే రాస్తున్నాను.

గేములు ఆడని వాళ్ళకి రెండు ముక్కలు. ఈ కంట్రోలర్ పట్టుకుంటే బొటనవేళ్ళు రెండూ పైన ఉంటాయి. చూపుడువేళ్ళు ముందు అంచు మీద ఉంటాయి. అక్కడ ఎడమ పక్క ఎల్ వన్, ఎల్ టూ, కుడి పక్క ఆర్ వన్, ఆర్ టూ అని రెండేసి బటన్లు. మిగతా వేళ్ళు కింద పట్టుకోడానికి. మావాడు ఆడేది ఫిఫా అనే ఫుట్‌బాల్ గేమ్. అందులో ఆర్ టూ నొక్కి పట్టుకుంటేనే ఆటగాడు పరిగెడతాడు. వేలు లేకపోతే పరుగు లేదు. వాడి ఆటగాళ్ళు నడుస్తుంటే అవతలివాళ్ళు పక్కనుంచి బంతి పట్టుకుపోతారు. ఉంగరం వేలితో నొక్కి చూశాడు, నొక్కగానే కింద పట్టు వదిలేసి కంట్రోలర్ జారిపోయేది. ఒళ్ళో పెట్టుకుని చూశాడు. తలగడ మీద పెట్టి చూశాడు. ఆఖరికి మానేశాడు. ఫ్రెండ్స్ ఇంటికొస్తే కంట్రోలర్ వాళ్ళ చేతికిచ్చి, వాడు పక్కన కూచుని స్కోరు చెప్పేవాడు. సచివాలయం నుంచి ఇంటికొచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతూ ఆ గొంతు వినడం నాకు చాలా కష్టంగా ఉండేది.

కొనడానికి ఏమైనా ఉందా అని ముందు వెతికాను. మైక్రోసాఫ్ట్ 2018లో ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ అని ఒకటి తెచ్చింది. వెనకాల 19 చిన్న జాక్‌లుంటాయి, ఏ చెయ్యికి ఏది వీలైతే ఆ స్విచ్ తెచ్చి గుచ్చుకోవచ్చు. చాలా మంచి ఆలోచన, కాని అది మైక్రోసాఫ్ట్ వాళ్ళ గేమ్ మిషను ఎక్స్‌బాక్స్‌కీ, కంప్యూటర్‌కీ. సోనీ 2023 డిసెంబరులో యాక్సెస్ కంట్రోలర్ తెచ్చింది, అది పీఎస్ ఫైవ్‌కి. మా ఇంట్లో ఉన్నది సెకండ్ హ్యాండ్‌లో కొన్న పీఎస్ ఫోర్. దానికి కూడా 2020లో సోనీయే వెనక బటన్లు తగిలించుకునే అటాచ్‌మెంట్ ఒకటి అమ్మింది. నేను వెతికే టైముకి అది ఎక్కడా దొరకలేదు. ఇంక మిగిలింది ఉన్నదాన్నే విప్పించి బటన్ వేయించడం.

మొదట వేరే ఊళ్ళో ఒక షాపుకి ఇచ్చాను. పేరు చెప్పను. తమ్ముణ్ణి తీసుకెళ్ళలేదు. నేనే ఆఫీసు పని మీద వెళ్తూ కంట్రోలర్ ఇచ్చి, "వెనకాల ఆర్ టూ బటన్ పెట్టండి" అన్నాను. సాయంత్రం తీసుకోమన్నారు. 300 తీసుకున్నారు. ఇంటికి తెస్తే బటన్ సరిగ్గా నడి మధ్యలో ఉంది, ఎవరి వేలూ అక్కడికి పోదు. గ్లూగన్ జిగురు ముద్దలా పైకి పొంగి ఉంది. పైగా చార్జింగ్ ఎక్కడం లేదు. వెలగాల్సిన లైటు కూడా వెలగడం లేదు. తమ్ముడు ఏమీ అనలేదు. "పోనీలే అప్పా" అన్నాడు, మావైపు అక్కని అలాగే పిలుస్తారు. ఆ మాటకి నేను రాత్రంతా నిద్రపోలేదు.

గంటస్తంభం షాపు గురించి చెప్పింది చీపురుపల్లిలో మా టీవీ బాగు చేసే ఆయన. "ఆ పెద్దాయన రేడియోలప్పటి మనిషి. ఇప్పుడు ఫోన్లు, జాయ్‌స్టిక్‌లు అన్నీ చేస్తన్నారు. గుంటణ్ణి కూడా తీసుకెళ్ళండి" అన్నాడు. ఆ చివరి మాటే అన్నిటికంటే విలువైన సలహా. ఈసారి ఇద్దరం పలాస ప్యాసింజరు ఎక్కి విజయనగరంలో దిగాం.

షాపు గది పది అడుగులు కూడా ఉండదు. గోడ పొడుగునా పాత టీవీల బోర్డులు, డబ్బాల్లో స్విచ్‌లు, పైన ఒక వాల్వ్ రేడియో. ఆయనకి యాభై దాటి ఉంటాయి. నేను కంట్రోలర్ తీసి బల్ల మీద పెట్టి మొదటి షాపు సంగతంతా చెప్పాను. ఆయన కంట్రోలర్ ముట్టుకోలేదు. తమ్ముడి వైపు తిరిగి, "ఏదీ బాబూ, చెయ్యి ఇలాగియ్యి" అన్నారు.

చెయ్యి పట్టుకుని తిప్పి చూశారు. ఉంగరం వేలితో తన వేలు నొక్కమన్నారు. బలం ఎంతుందో చూశారన్నమాట. తర్వాత కంట్రోలర్ ఇచ్చి, "గేమ్ ఆడుతున్నట్టే పట్టుకో" అన్నారు. తమ్ముడు ముందు సిగ్గుపడ్డాడు. టీవీ లేకుండా ఎలా ఆడతారు? ఆయన ఫోన్‌లో ఏదో ఫుట్‌బాల్ మ్యాచ్ పెట్టి ఎదురుగా ఆనించారు. "ఆ పసుపు చొక్కావాళ్ళు నీవాళ్ళు, ఆడు." కాసేపటికి వీడు నిజంగానే మునిగిపోయాడు. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని వాడి చేతుల కింద నుంచి చూస్తున్నారు.

అప్పుడు నన్నడిగారు, "అమ్మా, మీ దగ్గర బొట్టుబిళ్ళలున్నాయా?"

బ్యాగులో అట్ట ఉంది, ఇచ్చాను. ఒక చిన్న నల్ల బిళ్ళ తీసి కంట్రోలర్ వెనకాల, ఎడమచేతి మధ్యవేలు ఆనే చోట అంటించారు. "పరిగెట్టాలనిపించినప్పుడల్లా దాన్ని తాకు. చూడకూడదు." తమ్ముడు తాకాడు, వేలు బిళ్ళకి కొంచెం కిందకి పడింది. ఆయన బిళ్ళ తీసి జరిపి అంటించారు. మళ్ళీ ఆడమన్నారు. ఇంకోసారి జరిపారు. అలా ఐదారుసార్లు అయి ఉంటుంది. ఆ బిళ్ళకి జిగురు పోయి ఇంకోటి తీయాల్సి వచ్చింది. వరసగా పదిసార్లు చూడకుండా వేలు బిళ్ళ మీద పడ్డాకే ఆయన స్క్రూడ్రైవర్ తీశారు. అప్పటికి మేమొచ్చి గంట దాటింది. ఎడమ చెయ్యి ఎందుకని అడిగితే, కుడిచేతిలో మిగిలిన వేళ్ళు బరువు మోస్తున్నాయని, వాటికి ఇప్పుడే ఇంకో పని పెట్టకూడదని చెప్పారు. ఎడమ మధ్యవేలు ఆటలో ఖాళీగానే ఉంటుందట. ఇన్నాళ్ళు వాడు ఆడుతుంటే చూసిన నాకు ఆ సంగతి తట్టనే లేదు.

ఇంక పని. వెనకాల నాలుగు స్క్రూలు. అవి తీసినా వెనక ప్లాస్టిక్ అట్టని గభాలున లాగకూడదు, ఎందుకంటే చార్జింగ్ పిన్ ఉండే చిన్న బోర్డు వెనక అట్టకి ఉంటుంది, దాన్నుంచి మెయిన్ బోర్డుకి కాగితంలాంటి రిబ్బన్ ఒకటి వెళ్తుంది. మొదటి షాపువాళ్ళు దాన్నే చింపేశారు. ఆయన చిరిగిన చోట భూతద్దం పెట్టి నాకూ చూపించారు. ఈ రిబ్బన్లు 12 పిన్నులవి, 14 పిన్నులవి రెండు రకాలుంటాయట, కంట్రోలర్ ఏ మోడలో చూసి దానికి తగ్గ చార్జింగ్ బోర్డూ రిబ్బనూ తేవాలి. విశాఖ నుంచి తెప్పించాలి, మూడు రోజులు పడుతుందన్నారు. అలా రెండోసారి రావలసి వచ్చింది.

రెండోసారి వెళ్ళినప్పుడు పని మొత్తం పక్కన కూచుని చూడనిచ్చారు. ముందు బ్యాటరీ తీసి దూరంగా పెట్టారు. తర్వాత తమ్ముడితో చెప్పిన మాట నాకు బాగా గుర్తుంది: "ఆర్ టూ జోలికి నేను వెళ్ళను బాబూ. అది ఎంత నొక్కితే అంత లెక్కగట్టే బటన్, మామూలు స్విచ్ కాదు. ఆర్ వన్ అయితే నొక్కారా లేదా అన్నదొక్కటే. మనం ఆర్ వన్‌కి లైను వేసుకుందాం. తర్వాత నీ పీఎస్ ఫోర్‌లోనే ఆర్ వన్‌నీ ఆర్ టూనీ మార్చీయొచ్చు." ఇది మాకు తెలీదు. పీఎస్ ఫోర్‌లో 2015లో వచ్చిన అప్‌డేట్ నుంచీ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద బటన్ అసైన్‌మెంట్స్ అని ఉంటుంది. అక్కడ దాదాపు ఏ బటన్ పనైనా ఇంకో బటన్‌కి ఇవ్వొచ్చు. ఉచితంగా మన దగ్గరే ఉన్నదాన్ని మేం తెరిచి కూడా చూడలేదు.

మెయిన్ బోర్డు మీద కంపెనీవాళ్ళు పరీక్షల కోసం వదిలిన చిన్న రాగి చుక్కలుంటాయి. ఆర్ వన్ చుక్క ఏదో మీటరు పెట్టి వెతికారు. నేను ఆర్ వన్ నొక్కుతుంటే, వదులుతుంటే ఆయన ఒక్కో చుక్క మీద ముల్లు పెట్టి అంకె మారుతుందా లేదా అని చూశారు. దొరికాక జంపర్ వేశారు. జంపర్ తీగంటే తలవెంట్రుక కంటే కొంచెం లావుండే రాగి తీగ, పైన లక్క పూత ఉంటుంది. బ్లేడుతో కొస గీకి, పేస్ట్ అద్ది, సోల్డరింగ్ ఐరన్ మొన ఇలా తాకించి అలా తీసేశారు. రెండు తీగలు, ఒకటి ఆర్ వన్ చుక్కకి, ఒకటి బటన్లన్నిటికీ కలిపి ఉండే కామన్ చుక్కకి. వాటి మీద ఆకుపచ్చ యూవీ జిగురు చుక్క వేసి చిన్న యూవీ టార్చి వెలుతురుతో గట్టిపడేలా చేశారు, ఊగినా తెగకుండా. పాత ఆర్ వన్‌కి సమాంతరంగా ఇంకో దారి వేసినట్టు. పాత బటనూ పనిచేస్తుంది, కొత్తదీ పనిచేస్తుంది, ఏది నొక్కారో పీఎస్ ఫోర్‌కి తేడా తెలీదు.

స్విచ్ దగ్గర చాలాసేపు ఆగారు. కంప్యూటర్ మౌస్‌లో ఉండే మైక్రో స్విచ్ పెడదామని తీశారు, టక్కుమని బాగా నొక్కుడు పడుతుందని. పెట్టి అట్ట మూస్తే మూతపడలేదు, ఎత్తు ఎక్కువైంది. అప్పుడు ఆరు మిల్లీమీటర్ల నలుచదరం టాక్ట్ స్విచ్‌లు డబ్బాలోంచి గుప్పెడు తీసి బల్ల మీద పోశారు. చూడ్డానికన్నీ ఒకటే. తమ్ముణ్ణి కళ్ళు మూసుకుని ఒక్కోటీ మధ్యవేలితో నొక్కమన్నారు. కొన్ని గట్టివి, కొన్ని మెత్తవి. గట్టిది పెడితే ఆట పూర్తయ్యేలోపు వేలు నొప్పెడుతుంది. మరీ మెత్తదైతే పట్టుకోగానే నొక్కుకుపోతుంది. వాడు మధ్యరకం ఒకటి ఏరాడు.

బిళ్ళ ఉన్న చోట చిల్లు పెట్టేముందు లోపలివైపు చూశారు. పిడుల్లో వణికే మోటార్లుంటాయి, నడుమ బ్యాటరీ. బిళ్ళ చోటు ఎడమ మోటారు అంచుకి తగిలేలా ఉంది. "మోటారు తీసీమంటావా, బటన్ ఒక మూడు మిల్లీమీటర్లు పైకి జరపమంటావా?" అని అడిగారు. నన్ను కాదు, వాణ్ణి. వాడు బిళ్ళ పైకి జరిపించుకుని మళ్ళీ పట్టుకుని చూసి, "జరపండి బాబాయ్, సరిపోద్ది" అన్నాడు. గోల్ పడ్డప్పుడు కంట్రోలర్ వణకడం వాడికిష్టం. డ్రిల్ బిట్‌ని మోటారుకి పెట్టకుండా చేత్తో తిప్పుతూ చిల్లు వేశారు. సన్నటి ఆకురాయితో అంచులు రాశారు. వేలు పెట్టి తిప్పి చూస్తే ఎక్కడా గరుకు లేదు. మొదటి షాపువాళ్ళు నడుమ పెట్టిన చిల్లుకి లోపలినుంచి ఒక ప్లాస్టిక్ ముక్క అతికించి మూసేశారు. దాని గుర్తు ఇప్పటికీ కనిపిస్తుంది.

మూసేముందు కేబుల్‌తో కంప్యూటర్‌కి పెట్టి పరీక్ష చేశారు. తెర మీద బటన్లన్నిటికీ అంకెలుంటాయి. తమ్ముడు వెనక బటన్ నొక్కాడు, ఐదో నంబరు వెలిగింది. వదిలాడు, ఆరింది. మళ్ళీ నొక్కి అలాగే పట్టుకున్నాడు. ఐదో నంబరు వెలుగుతూనే ఉంది. వాడు వేలు తీయలేదు. ఆయన కూడా తీయమనలేదు.

ఆ రాత్రి ఇంట్లో సెట్టింగ్ మార్చి ఫిఫా పెట్టాడు. మొదటి మ్యాచ్ మూడు సున్నాతో ఓడిపోయాడు. వేలికి అలవాటు లేక పరిగెట్టాల్సినప్పుడు ఆగాడు, ఆగాల్సినప్పుడు పరిగెట్టాడు. అయినా అమ్మ వంటింట్లోంచి వచ్చి నా చెవిలో "గుంటడు అరుస్తన్నాడే" అంది. అవును, టీవీ మీద రిఫరీని తిడుతున్నాడు. పది రోజులకి వేలు దానంతటదే పోవడం మొదలైంది.

డబ్బు సంగతి. చార్జింగ్ బోర్డూ రిబ్బనూ కలిపి 250, బటన్ పని 400. మొత్తం 650. రెండు పూటలు మాకోసం కూచున్నారు, ఆ లెక్కన చాలా తక్కువ. నేను ఇంకో వంద ఇవ్వబోతే తీసుకోలేదు.

ఇబ్బందులూ చెప్పాలి, వెళ్ళేవాళ్ళకి పనికొస్తాయి. మెట్లు నిటారుగా ఉంటాయి, పట్టుకోడానికి కమ్మీ లేదు. నడవలేని వాళ్ళు పైకెక్కడం కష్టం, కంట్రోలర్ గురించి ఆయన దగ్గరికి రావలసింది అలాంటివాళ్ళే కదా. అడిగితే కిందకి దిగి వచ్చి చూస్తారు, కాని ఆ సంగతి అడిగితేగాని తెలీదు. ఐరన్ చేతిలో ఉంటే ఫోన్ ఎత్తరు. మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి నాలుగు దాకా మూసేస్తారు. బిల్లు రాసివ్వరు, గ్యారంటీ నోటిమాటే. నాలుగు నెలలకి స్విచ్ మెత్తబడి ఒక్కోసారి రెండుసార్లు నొక్కినట్టు పడేది. తీసుకెళ్తే పావుగంటలో మార్చి 50 రూపాయలు తీసుకున్నారు. నోటిమాట గ్యారంటీ అంటే ఉచితం అనుకున్నాను, అది మాత్రం కాదు.

ఇంకోటి. ఈ పద్ధతిలో కొత్త బటన్ నొక్కితే పూర్తిగా నొక్కినట్టే, సగం నొక్కడం ఉండదు. ఫుట్‌బాల్‌కి చాలు. కార్ల గేమ్ పెడితే యాక్సిలరేటర్ అడుగంటా తొక్కినట్టే, మలుపుల్లో బండి గోడకి కొట్టుకుంటుంది. కార్ల కోసమైతే ఆయనకి ముందే చెప్పండి, వేరే దారి ఏదైనా ఆలోచిస్తారేమో. ఆర్ వన్, ఆర్ టూ మార్చడంవల్ల ఇప్పుడు ఆర్ వన్ పని పాత ఆర్ టూ మీదికి వెళ్ళింది, దాన్ని తమ్ముడు నొక్కలేడు. ఫిఫాలో వంపు తిరిగే షాట్ కొట్టాలంటే ఆ ఆర్ వన్ కావాలి. అంటే ఏడు నెలలుగా వీడు పరిగెడుతున్నాడు, పాసులిస్తున్నాడు, గోల్స్ కొడుతున్నాడు, ఆ ఒక్క షాట్ లేదు.

మేం కూచుని ఉండగా ఒక కాలేజీ అబ్బాయి వచ్చి, నొక్కి పట్టుకుంటే గుండ్లు వరసగా పేలే టర్బో బటన్ పెట్టమని అడిగాడు. ఆయన అది చేయనన్నారు. "మీ చెయ్యి చేయగలిగినదానికే నేను దారి వేస్తాను. చెయ్యి చేయలేనిదాన్ని మిషను చేత చేయించడం వేరే పని" అన్నారు. ఆ అబ్బాయికి కోపమొచ్చింది. నాకు మాత్రం ఆయన మీద గౌరవం అక్కడే పెరిగింది. ఎవరైనా మా తమ్ముడు మోసం చేసి గెలిచాడంటే నేను చెప్పగలిగే జవాబు కూడా అదే. వాడికి పోయిన వేలి పని ఇంకో వేలు చేస్తోంది, అంతకుమించి ఆ కంట్రోలర్‌లో ఏమీ లేదు.

మీ ఇంట్లో ఇలాంటి అవసరం ఉంటే కంట్రోలర్ ఒక్కటీ పంపకండి. ఆ చెయ్యి ఎవరిదో వాళ్ళని తీసుకెళ్ళండి. జంపర్ వేయడం చాలామందికి వచ్చు. బటన్ ఎక్కడ పెట్టాలన్నది మాత్రం ఆ చెయ్యి చూస్తేనే తెలుస్తుంది. నేను 300 పోగొట్టుకుని నేర్చుకున్నాను. ఖాళీ చూసుకుని పొద్దున్న పదిన్నరకే వెళ్ళండి, మధ్యాహ్నం తొందరలో అడిగితే ఆయనే రేపు రమ్మంటారు.

స్విచ్ మార్చినప్పుడు ఆయన మళ్ళీ తమ్ముడి కుడి ఉంగరం వేలు నొక్కించుకుని చూశారు. "బలం వచ్చింది బాబూ. ఇంకోటి మోయగలదు" అన్నారు. మొన్న నా బొట్టుబిళ్ళల అట్టలో ఒకటి తక్కువుంది. చూస్తే కంట్రోలర్ వెనకాల కుడివైపు అంటించి ఉంది. మూడు రోజులుగా అది అంటించుకునే ఆడుతున్నాడు. నిన్న ఒక గోరంత కిందకి జరిపాడు. గురువారం ఇద్దరం వెళ్తున్నాం.